మాటకు మూడు, బలానికి తొమ్మిది

రేవు రేడియో ఆఫీసు, పై అంతస్తు
జూన్ 10

ప్రియమైన కీచురాయికి,

పిన్ని ఆశీస్సులు. నిన్న ఆదివారం పొద్దున ఏడింటికి ఎప్పటిలాగే రేడియోలో నువ్వు పిలిచావు, నేను పలికాను. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత పావుగంట సేపు నువ్వు చెప్పినదాంట్లో సగం కూడా నాకు అందలేదు. మూడుసార్లు 'మళ్ళీ చెప్పు' అన్నాను. ఇంకోసారి అనడానికి సిగ్గేసి 'సరే సరే, అలాగే చెయ్యి' అనేశాను. దేనికి సరే అన్నానో ఉత్తరంలో రాయి. ఉద్యోగం మానేస్తానని గనక నువ్వు అని ఉంటే ఆ సరే చెల్లదు.

తప్పంతా వానది. ఈ ఏడాది ముందే మొదలైంది. ఇంట్లో నా రేడియో గది రేకు కప్పు మీద నాలుగు రోజులుగా ఒకటే మోత. నీకూ నాకూ మధ్య తొమ్మిది వందల కిలోమీటర్లు. దారి పొడుగునా వానలో నానితే నీ గొంతులో ఇంకేం మిగులుతుంది? అందుకే నీకు మాటకు మూడు, బలానికి తొమ్మిది ఇచ్చాను. మాట ఎంత తెలుస్తోందో ఐదుకి, సిగ్నల్ ఎంత బలంగా ఉందో తొమ్మిదికి. ఇన్నేళ్ళలో ఆ రెండు అంకెల్లో ఒక్కటి కూడా నేను మొహమాటానికి వెయ్యలేదు.

సాయంత్రం షిఫ్టు గొణుగుడాయన సంగతి నీకు తెలుసుగా. రెండేళ్ళుగా ఆయనకి నోట్లో నోట్లో మాట్లాడటం అలవాటైపోయింది. మొన్న డ్యూటీ తీసుకుంటూ ఏదో అన్నాడు. నేను 'అవునవును, మంచిదే కదా' అన్నాను. పాపం, వాళ్ళమ్మకి ఒంట్లో బాగాలేదని చెప్పాడట. ఆ మాట కాస్త గట్టిగా చెబితే ఆయన సొమ్మేం పోయింది?

నీ పరిశోధనకి కావాలన్నావని వానకొలత గొట్టం మేడ మీద పెట్టించాను. రోజూ పొద్దున ఎనిమిదింటికి చూసి రాస్తున్నాను. నెల తిరగ్గానే చార్టు పంపుతాను.

ఫోన్ మాత్రం చెయ్యకు. ఫోనులో మాటలు నాకు ఒంటబట్టవు. ఇంటి గుట్లు గాలిలో మాట్లాడుకోకూడదన్నది మన హామ్ రేడియో లైసెన్సు రూలు. కనక ఉత్తరమే రాయి.

నీ పిన్ని

---

కొండ మీద టవర్ క్వార్టర్స్
జూన్ 19

పిన్నీ,

పిల్లిని పెంచుకోనా అని అడిగాను. సరే అన్నావు. ఇప్పుడది నా ఒళ్ళో కూర్చుని ఈ కాగితం అంచు కొరుకుతోంది. ఇక నువ్వు మాట తప్పడానికి వీల్లేదు.

వానని తిట్టే హక్కు నాకుంది గాని నీకు లేదు. మా కొండ నుంచి ఎదుటి కొండకి డిష్‌ల మీద పంపే తరంగం పొడవు నా వేలి వెడల్పంత. చినుకు దానికి సమ ఉజ్జీ. కొంత మింగేస్తుంది, కొంత పక్కకి చిమ్మేస్తుంది. గట్టి వాన పది నిమిషాలు పడితే చాలు, లైను పడిపోతుంది, నాకు తిట్లు పడతాయి. ఏ వానకి ఎంత పోతుందో లెక్కకట్టడమే నా ఉద్యోగం. నువ్వూ నేనూ ఆదివారం మాట్లాడుకునే తరంగం పొడవు నలభై మీటర్లు. అది మబ్బులు దాటి, వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న పొరను తాకి వంగి, నీ దగ్గర దిగుతుంది. దాని దారిలో చినుకులంటే ఏనుగు దారిలో దోమలు.

వాన వల్ల నీకు ఇబ్బంది వస్తే ఆకాశంలో కాదు, నీ మేడ మీదే రావాలి. కేబుల్ అతుకులోకి నీళ్ళు దిగితే సిగ్నల్ అక్కడే చచ్చిపోతుంది. తీగ కట్టిన పింగాణీ గుండ్ల మీద ఉప్పూ తడీ పేరుకున్నా అంతే. పిడుగులు ఉంటే చిటపటలు వస్తాయి, అవి నీకు నేను చెప్పక్కర్లేదు. ఒకసారి ఆ అతుకులు ఎవరి చేతైనా చెక్ చేయించు. చేయించు అన్నాను, నిన్ను ఎక్కమనలేదు.

ఇంకో మాట. నువ్వు నాలుగోసారి అడిగినా, నలభైసార్లు అడిగినా నేను విసుక్కోను. అమ్మ పోయిన ఏడాది ఆవిడ ఎప్పుడొస్తుందని నిన్ను రోజుకి ఎన్నిసార్లు అడిగానో నాకు గుర్తుంది. ఒక్కసారి కూడా నువ్వు విసుక్కోలేదు.

నీ కీచురాయి

---

రేవు రేడియో ఆఫీసు
జూలై 8

కీచురాయీ,

నీ మాట విని మేడ ఎక్కాను. తిట్టుకో. ఎవరో వేసిన అతుకు నాకు నచ్చదు. కేబుల్ మొత్తం నేనే మార్చేశాను. పింగాణీ గుండ్లు మంచినీళ్ళతో కడిగాను. కింద నుంచి గొణుగుడాయన నిచ్చెన పట్టుకుని ఏదో అంటూనే ఉన్నాడు. జాగ్రత్త అనే అయ్యుంటుంది.

ఇంతా చేస్తే నిన్న మళ్ళీ అదే. మాటకు మూడు, బలానికి తొమ్మిది. వానలు తగ్గితే అదే సర్దుకుంటుంది. నువ్వు లెక్కలు కట్టు, నేను కాదనను. నా గదిలో కూర్చుంటే మాత్రం వానదే తప్పని నీకే తెలుస్తుంది.

జూన్ చార్టు జత చేశాను. అక్టోబరు మొదటి వారంలో మూడేళ్ళకోసారి చేసే వైద్య పరీక్ష ఉంది. కళ్ళు, రక్తపోటు, చెవులు, తూకం. తూకం గురించే నా బెంగ. అది గట్టెక్కితే రిటైరయ్యేదాకా, ఇంకో రెండేళ్ళు ఈ కుర్చీ నాదే. పొద్దున ఆరింటికి పడవల హాజరు తీసుకోనిదే నాకు తెల్లారినట్టు ఉండదు. ముప్పై ఏడు పడవలు. పలకని పడవ ఉంటే అది పలికేదాకా నేను కుర్చీ దిగనని వాళ్ళకీ తెలుసు.

నీ పిన్ని

---

కొండ మీద టవర్ క్వార్టర్స్
జూలై 20

పిన్నీ,

నువ్వు ఇచ్చిన రెండు అంకెలు నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. కేబుల్‌లో నీళ్ళుంటే మీటరు ముల్లు తొమ్మిది దాకా లేవదు. చిటపటలుంటే నువ్వు చెప్పేదానివి. బలం పూర్తిగా ఉంది, చప్పుడు లేదు, మాట మాత్రం అందదు. ఇలాంటిది నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

మీ ఊళ్ళో లెక్కల మాస్టారు కూడా మనలాగే లైసెన్సు ఉన్నాయన. మొన్న ఆదివారం నా మాటలు విన్నానని కార్డు రాశారు. ఐదూ, తొమ్మిదీ ఇచ్చారు. ఆయన ఉండేది మీకు రెండు వీధుల అవతలే కదా. ఆయన ఇంటి మీద పడేదీ అదే వాన.

నీ స్పీకరు పాతబడిందేమో. కొత్త హెడ్‌ఫోన్లు పంపుతున్నాను. మంచివి. పెట్టుకో. ఎలా ఉన్నాయో దాచకుండా రాయి.

నీ కీచురాయి

---

రేవు రేడియో ఆఫీసు
ఆగస్టు 20

కీచురాయీ,

హెడ్‌ఫోన్లు అందాయి. మెత్తగా ఉన్నాయి. ఇంట్లో నీతో మాట్లాడేటప్పుడు పెట్టుకుంటున్నాను, కాస్త నయం. ఆఫీసులో స్పీకరు తప్పదు, ఒకేసారి రెండు మూడు రేడియోలు వింటూ ఉండాలి. మాస్టారి మాట నమ్మకు. ఆయన అందరికీ ఐదూ తొమ్మిదే వేస్తాడు. బళ్ళో మార్కులూ అంతేనట.

పద్నాలుగో తేదీ పొద్దున పెద్ద పడవకి ఇంజను ఆగిపోయి అడుగున నీళ్ళు చేరాయి. పడవ నడిపే సరంగు పిలిచాడు. నేను పలికి, దగ్గర్లో ఉన్న పడవని పంపాను. ఆరుగురూ క్షేమంగా ఒడ్డుకి వచ్చారు. వాన హోరులో కాస్త ఆలస్యమైంది, అంతే. ఎవరి నోటనో వింటే కంగారు పడతావని రాస్తున్నాను.

పిల్లికి పేరు పెట్టావా?

నీ పిన్ని

---

కొండ మీద టవర్ క్వార్టర్స్
సెప్టెంబరు 9

పిన్నీ,

ఆగస్టు చార్టు అందింది. ఈసారి కవరులో చార్టు తప్ప ఒక్క ముక్క లేదు. కవరు దులిపి కూడా చూశాను.

పద్నాలుగో తేదీ ఎదురుగా సున్నా ఉంది. ముందు రోజూ సున్నాయే, తర్వాతి రోజూ సున్నాయే. నీ చేత్తో, నీ నీలం సిరాతో రాసినవే. ఆ పొద్దున వాన హోరులో ఆలస్యమైందని నీ ఉత్తరంలో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. కొలతలో నువ్వు అబద్ధం రాయవు. కాబట్టి ఆ రోజు వాన లేదు.

పిన్నీ, నీకు వినపడటం లేదు కదా.

ఈ మాట నాకు జూలైలోనే తట్టింది. అడగడానికి ధైర్యం చాలక హెడ్‌ఫోన్లు కొని పంపాను. తప్పు చేశాను. అప్పుడే అడిగి ఉంటే ఆ సరంగు నిన్ను ఎన్నిసార్లు పిలిచాడో అని ఇవాళ నేను వణికిపోయే అవసరం ఉండేది కాదు. ఎన్నిసార్లు పిలిచాడు?

నిన్న మీ పెద్దాఫీసరుకి ఉత్తరం రాసి కవరు అంటించాను. నా బల్ల మీదే ఉంది. అది పంపితే నీకు మళ్ళీ మొహం చూపించలేను. పంపకపోతే ఆ ఆరుగురి ఇళ్ళవాళ్ళకి మొహం చూపించలేను. ఆ కవరు నా చేత పోస్టు చేయించకు. నువ్వే చెప్పు.

నీ కీచురాయి

---

రేవు రేడియో ఆఫీసు
సెప్టెంబరు 14

ఇంజనీరు గారికి,

తమరి లేఖ అందింది. ముప్పై ఒక్కేళ్ళుగా ఈ పని చేస్తున్నదాన్ని, ఎలా వినాలో తమరి దగ్గర నేర్చుకోవలసిన స్థితిలో లేను. వానకొలత పని ఇకపై వేరెవరికైనా అప్పగించుకోగలరు. వచ్చే ఆదివారం నాకు పని ఉంది.

ఇట్లు,
రేవు రేడియో ఆపరేటరు

---

రేవు క్వార్టర్స్, ఇంటి నుంచి
సెప్టెంబరు 22

నా కీచురాయీ,

పొద్దున ఏడింటికి నేను రేడియో పెట్టలేదనుకున్నావు కదూ. పెట్టుకునే కూర్చున్నాను. పావుగంట సేపు ముల్లు లేస్తూ పడుతూ ఉంది. లేచినప్పుడల్లా నువ్వు నన్నే పిలుస్తున్నావని తెలుసు. పలకలేదు. ఆఖరికి ముల్లు కదలడం ఆగిపోయింది. అప్పుడు ఏడ్చాను.

ఇంజనీరు గారూ అని రాసిన ఉత్తరం చింపెయ్యి. అది నేను రాసింది కాదు, నా భయం రాసింది.

మూడేళ్ళు కావస్తోంది. మొదట పోయింది నీ గొంతే. చిన్నప్పటి నుంచీ నీది కీచు గొంతు కదా, సన్నటి శబ్దాలు ముందు పోతాయట. పడవలవాళ్ళవి లావు గొంతులు, అవి మొన్నమొన్నటి దాకా బాగానే అందేవి. అందుకని చెవులు బాగానే ఉన్నాయి, దూరం వల్లా వాన వల్లా నీ మాట రావడం లేదు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. వాన పడ్డ రోజు మరీ కష్టంగా ఉండేది. తర్వాత వాన లేని రోజు కూడా అలాగే ఉంది. అప్పటికే వాన అని చెప్పుకోవడం నోటికి అలవాటైపోయింది.

సరంగు నాలుగుసార్లు పిలిచాడు. మూడుసార్లు నాకు వినపడలేదు. నేను కుర్చీలోనే ఉన్నాను, స్పీకరు ఎదురుగా, టీ తాగుతూ. పదకొండు నిమిషాలు. ఆ లోపల పడవలోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. రెండు రోజుల తర్వాత ఆఫీసుకి వచ్చి "మూడుసార్లు పిలిచానమ్మా, పనిలో ఉన్నారా?" అని అడిగాడు. గట్టిగా అరిచినా బాగుండేది. లాగ్‌బుక్కులో అప్పటికే 'వాన హోరు వల్ల ఆలస్యం' అని రాసేశాను. రాస్తుంటే కిటికీలోంచి ఎండ వచ్చి ఆ పేజీ మీదే పడుతోంది. ఇన్నేళ్ళలో అది నా మొదటి అబద్ధపు ఎంట్రీ.

నీ చార్టులో కూడా ఆ రోజుకి ఓ ఐదు మిల్లీమీటర్లు వేసేస్తే సరిపోయేది. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నీకు దొంగ లెక్క పంపడానికి చెయ్యి రాలేదు. తెలిసే సున్నా వేశాను. ఉత్తరం రాయడానికి మాత్రం ధైర్యం లేకపోయింది. నువ్వు కనిపెడతావని తెలిసీ, కనిపెట్టగానే నీ మీద మండిపడ్డాను. నన్ను క్షమించు.

ఆ కుర్చీ లేకపోతే నేనెవరినో నాకు తెలియదు. నిన్ను పెంచింది ఆ ఆఫీసు గదిలోనే. నా కాళ్ళ దగ్గర దుప్పటి పరిచి పడుకోబెట్టి పడవలతో మాట్లాడేదాన్ని. అందుకే పట్టుకు వేళ్ళాడాను.

వైద్య పరీక్ష దాకా ఆగను. ఈ లోపల ఇంకో పడవ పిలవచ్చు. రేపటి హాజరు గొణుగుడాయన్ని తీసుకోమన్నాను. పదింటికి ఆఫీసరు గది తెరవగానే వెళ్తాను.

నీ పిన్ని

---

కొండ మీద టవర్ క్వార్టర్స్
సెప్టెంబరు 29

పిన్నీ,

నీ ఉత్తరం గుమ్మంలో నిలబడే చదివాను. మా ఇంజనీర్లు ఇద్దరు మెట్ల మీద నుంచి చూస్తున్నా ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆఫీసరు కవరు ముక్కలు ముక్కలు చేశాను.

ఒక విషయంలో నేనే పప్పులో కాలేశాను. వానకీ మన మాటలకీ సంబంధం లేదని అంత గొప్పగా చెప్పానా, సంబంధం ఉంది. నేను ఆకాశంలో వెతికాను, మేడ మీద వెతికాను, నీ గదిలో వెతకలేదు. రేకు మీద వాన మోత ఉంటే, నీ చెవికి మిగిలిన కొద్దిపాటి సన్నటి శబ్దాలను కూడా అది కప్పేస్తుంది. తరంగం తొమ్మిది వందల కిలోమీటర్లు చెక్కు చెదరకుండా వచ్చి, స్పీకరుకీ నీకూ మధ్య ఉన్న రెండడుగుల్లో వానకి ఓడిపోయింది. అక్కడ కూర్చుంటే తెలుస్తుందని నువ్వు జూలైలోనే అన్నావు. నేను వినిపించుకోలేదు.

నా గొంతు నీకు అందకపోతే పోనీ. ఏడేళ్ళప్పుడు నువ్వు నాకు బల్ల మీద కొట్టి నేర్పిన చుక్కా గీతల మోర్సు భాష ఉందిగా. దాని స్వరం ఎంత లావుగా ఉండాలో నీ రేడియో నాబ్‌తో నువ్వే పెట్టుకోవచ్చు. దించు, ఇంకా దించు, నీకు హాయిగా వినపడేదాకా దించు. వచ్చే ఆదివారం టకటక కొట్టే మోర్సు కీ మీద పిలుస్తాను. నా చెయ్యి మొద్దుబారింది, తప్పులొస్తే తిట్టు.

ఆఫీసరు ఏమన్నాడు? ఏమన్నా సరే, నువ్వెవరో నాకు తెలుసు. నీకు తెలియకపోతే నన్ను అడుగు.

నీ కీచురాయి

---

రేవు రేడియో ఆఫీసు
అక్టోబరు 8

కీచురాయీ,

ఆదివారం నీ చుక్కలూ గీతలూ ఒక్కటి పోకుండా అందాయి. తప్పులు ఏడు. పిల్లి కీ మీద కూర్చుందని రాయకు, నమ్మను.

ఆఫీసరు ముందు నమ్మలేదు. పరీక్ష ముందుకు జరిపించారు. సన్నటి శబ్దాలు రెండు చెవుల్లోనూ పోయాయట, యంత్రం పెట్టుకుంటే మనుషులతో మాట్లాడొచ్చు గాని పడవల పిలుపుల కోసం కాపలా కాయడానికి పనికిరాదన్నారు. ఒక మెమో ఇచ్చారు. అది నాకు న్యాయమే. లాగ్‌బుక్కులో ఆగస్టు పద్నాలుగు ఎంట్రీ కింద ఎర్ర సిరాతో నేనే రాశాను. 'ఆ పూట వాన లేదు. ఆపరేటరుకి వినపడలేదు.' సంతకం పెట్టాను. ఇక మీదట పడవలకి వాతావరణం చదివే పని ఇచ్చారు. చెప్పడానికి చెవులతో పని లేదుగా.

గొణుగుడాయన గొణగడు. రెండేళ్ళుగా శుభ్రంగానే మాట్లాడుతున్నాడట, ఆఫీసంతా అడిగి కనుక్కున్నాను. ఆయనకి క్షమాపణ చెప్పాను. వాళ్ళమ్మ గురించి ఈసారి సరిగ్గా అడిగాను. కోలుకుందట. మనం పెట్టిన పేరు సంగతి మాత్రం చెప్పలేదు.

ఇవాళ పొద్దున ఆఖరిసారి హాజరుకి వెళ్ళాను. కుర్చీలో ఆయన కూర్చున్నాడు, నేను పక్కన స్టూలు వేసుకున్నాను. మైకులో నేనే చెప్పాను. "ఇక మీదట మీకు పలికేది ఈయనే. నా చెవులు పాడయ్యాయి. మీలో ఒకరు ప్రమాదంలో ఉండి పిలిచినప్పుడు కూడా నాకు వినపడలేదు. వాన అని రాశాను, అది అబద్ధం. మీ అందరికీ చెప్పుకోవలసిన మాట, అందుకని చెప్పాను."

తర్వాత ముల్లు లేవడం మొదలైంది. ఒకరి తర్వాత ఒకరు. నాకు గొంతులు తెలుస్తున్నాయి, మాటలు తెలియడం లేదు. ఆయన ఒక తెల్ల కాగితం తీసుకుని ప్రతి పడవా చెప్పింది పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తూ నా ముందుకి జరిపాడు. ముప్పై ఏడు. ఆఖరున పెద్ద పడవ సరంగు. ఆయనది రాయడానికి కాగితం వెనక్కి తిప్పాల్సి వచ్చింది.

"ఆ రోజు మూడుసార్లు పిలిచినా పలక్కపోయేసరికి, పక్క రేవుని పిలుద్దాం అన్నారు మావాళ్ళు. నేనే వద్దన్నాను. ఆమె కుర్చీ దిగదు, ఇంకోసారి పిలుద్దాం అన్నాను. తర్వాత చాలా రోజులు మీ మీద కోపంగానే ఉన్నాను. ఇప్పుడు లేదు. ఆపరేటరు గారూ, ఇది ఆమెకి వినపడుతోందా?"

రెండుసార్లు చదివాను. నన్ను అంతగా నమ్ముకున్నాడు కాబట్టే వేరే రేవుని పిలవలేదు. ఆ నమ్మకం వల్లే వాళ్ళు మునిగిపోయేవాళ్ళు. దిగిపోవాలని ఆఫీసరు చెప్పినప్పటి కంటే అప్పుడు నాకు బాగా అర్థమైంది. దుఃఖమూ వచ్చింది, గుండె మీద బరువూ దిగింది.

కుర్చీలో ఉన్నాయన మైకు నా చేతికిచ్చాడు. ముప్పై ఒక్కేళ్ళుగా ఎవరు పిలిచినా నా మొదటి మాట 'వింటున్నాను' అనే. ఇవాళ ఆ మాట అనడానికి నోరు రాలేదు.

"చదివాను, సరంగూ" అన్నాను. "ప్రతి అక్షరం చదివాను."

నీ పిన్ని